బ్యాటరీ లేని రేడియో

మేనకోడలు: తాతయ్య రేడియోని మ్యూజియంవాళ్లకి ఉన్నదున్నట్టుగా ఇచ్చేద్దాం మామయ్యా. పైన దుమ్ము తుడుద్దాం, అంతే. లోపల ఒక్క తీగ కూడా కదపొద్దు.

మామయ్య: ఒక్కసారైనా పలికించకుండా ఇవ్వడానికి నేనొప్పుకోను. పలకని రేడియోలో చూసేవాళ్లకి ఏముంటుంది? చెక్కపెట్టె, తిప్పే బిళ్లలు, స్టేషన్ల పేర్లు రాసిన అద్దం. అలాంటి పెట్టె కరెంటు సెట్టుకీ ఉంటుంది. ఇది బ్యాటరీ సెట్టు. మన ఊళ్లో స్తంభం నాటకముందు వచ్చింది. దీని గొప్పంతా లోపలుంది. పలికితేనే తెలుస్తుంది.

మేనకోడలు: కరెంటు లేక కొన్న సెట్టే కదా? కరెంటు వచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. అందులో అంత గొప్పేముంది?

మామయ్య: చెప్తా విను. వాల్వు పనిచేయాలంటే లోపలి సన్నటి తీగ, అంటే ఫిలమెంటు, వేడెక్కి ఎలక్ట్రాన్లని వదలాలి. వాటిని అవతలి ప్లేటు లాక్కోవాలి. వేడెక్కడానికి వోల్టేజీ కొంచెం చాలు, కరెంటు మాత్రం బాగా కావాలి. లాక్కోవడానికి వోల్టేజీ బాగా ఉండాలి, కరెంటు పిసరంత చాలు. అందుకే బ్యాటరీ సెట్టుకి రెండు రకాల బ్యాటరీ. వేడెక్కించేదాన్ని ఎల్‌టీ, లాక్కునేదాన్ని హెచ్‌టీ అనేవాళ్లం. 1920ల్లో అమెరికాలో ఇళ్లనిండా ఉన్న 201ఏ వాల్వు 5 వోల్టుల దగ్గర పావు ఆంపియరు తాగేది. అయిదు వాల్వుల సెట్టంటే ఆంపియరుంపావు. అందుకని కారు బ్యాటరీలాంటి యాసిడ్ బ్యాటరీని తెచ్చి హాల్లో పెట్టుకునేవాళ్లు. అక్కణ్ణించి 1930ల చివరికి ఎక్కడికొచ్చారో చూడు. 1.4 వోల్టులు, 50 మిల్లీయాంపులు! ఆ 1.4 అనే అంకె ఊరికే రాలేదు. కొత్త టార్చి సెల్లు ఒకటిన్నర వోల్టుతో మొదలై, వాడేకొద్దీ దిగిపోతూ ఉంటుంది. ఆ దిగుడంతా ఓర్చుకునేలా, మధ్యలో ఏ రెసిస్టెన్సూ లేకుండా సెల్లుకి నేరుగా తగిలించేలా ఆ తీగని తయారుచేశారు. 1940లో బొటనవేలంత మినియేచర్ వాల్వులొచ్చాయి. అమెరికావాళ్లు 1ఆర్5, 1టీ4, 1ఎస్5 అన్నవే యూరప్‌లో డీకే91, డీఎఫ్91, డీఏఎఫ్91. తాతయ్య సెట్లో ఉన్నవి అవే. స్పీకరుని మోగించడానికి చివర ఒక డీఎల్92. నాలుగు ఫిలమెంట్లూ కలిసి తాగేది 250 మిల్లీయాంపులు. హెచ్‌టీ వైపు 90 వోల్టుల దగ్గర పది మిల్లీయాంపులు, ఆ చుట్టుపక్కల. లెక్క కట్టు. మొత్తం ఒకటింపావు వాట్. అదే కరెంటు సెట్టు గోడలోంచి నలభై యాభై వాట్లు లాగేది. ఒకటింపావు వాట్‌తో సముద్రం అవతలి కొలంబో పాట మన మండువా నిండా వినిపించింది! దాన్ని రెండో రకం సరుకు అనుకుంటే నా ప్రాణం ఒప్పుకోదు.

మేనకోడలు: నేనలా అనలేదు.

మామయ్య: ఇంకొకటి కూడా ఉంది. కరెంటు సెట్టు స్విచ్చి వేస్తే వెంటనే పలకదు. అందులో ఫిలమెంటు వేడెక్కి, దాని చుట్టూ ఉన్న గొట్టాన్ని వేడెక్కించాలి. అరనిమిషం ఆగాలి. బ్యాటరీ వాల్వులో ఆ గొట్టం ఉండదు, ఎలక్ట్రాన్లు తీగలోంచే నేరుగా వస్తాయి. తిప్పీ తిప్పగానే మాట. వార్తల వేళకి సరిగ్గా తిప్పి, వార్తలు అవగానే కట్టేయొచ్చు. వేడెక్కడం కోసం ఒక్క క్షణం బ్యాటరీ కూడా దండగవదు.

మేనకోడలు: వార్తలు అవగానే కట్టేయాలనే ఆత్రం ఎందుకొచ్చింది మామయ్యా? బ్యాటరీ ఖర్చు భయం వల్ల. నాకు ముఖ్యం అదే. నువ్వు వాల్వు గురించి ఇంతసేపు చెప్పావు, హెచ్‌టీ బ్యాటరీ గురించి ఒక్క మాటతో సరిపెట్టావు. 90 వోల్టులంటే ఒకటిన్నర వోల్టు సెల్లులు అరవై. అరవై చిన్న సెల్లుల్ని వరసగా కలిపి, సందుల్లో తారు పోసి, అట్టపెట్టెలో మూసి అమ్మేవాళ్లు. వాడినా వాడకపోయినా లోపల ఎండిపోయేది. అయిపోయాక ఛార్జి పెట్టడానికి లేదు, పారేసి ఇంకొకటి కొనాలి. సెట్టు ఒక్కసారి కొంటారు, బ్యాటరీ మళ్లీ మళ్లీ కొంటారు. తాతయ్య జమాఖర్చుల పుస్తకం చూశాను. రేడియో కొన్న పద్దు ఒక్కటే, దాని తర్వాత ఏళ్లతరబడి బ్యాటరీ పద్దులు. పాలేరుకి కొలిచిన వడ్ల లెక్కా, బ్యాటరీ ఖర్చూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి. ఆ పేజీ చదివాక ఈ పెట్టెని నీ కళ్లతో చూడలేకపోతున్నాను.

మామయ్య: నాన్న పిసినారి కాదు, ఖర్చుమనిషీ కాదు. ఊరికి వార్తలు రావాలని కొన్నాడు.

మేనకోడలు: తాతయ్యని అనడంలేదు. ఆ వస్తువు గురించి అంటున్నాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి కరెంటున్న పల్లెలు సుమారు 1,500. మిగతా లక్షల పల్లెల్లో రేడియో అంటే బ్యాటరీ సెట్టే. పైగా 1933 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఇంట్లో ఉంచుకోవడం అప్పట్లో నేరం. ఏటా పోస్టాఫీసుకెళ్లి డబ్బు కట్టాల్సొచ్చేది. సెట్టు ధర, లైసెన్సు, బ్యాటరీ, ఈ మూడింటినీ దాటగలిగినవాడి ఇంట్లోనే రేడియో. మ్యూజియంలో దీన్ని మోగిస్తే చూసేవాళ్లంతా మురిసిపోతారు. 'మన పల్లె రేడియో' అంటారు. పల్లెది కాదిది, పల్లెలో ఒకరిద్దరిది.

మామయ్య: మరి మన అరుగు మీద కూర్చుని విన్నవాళ్లో? సాయంత్రం ప్రాంతీయ వార్తల వేళకి అరుగు నిండేది, వీధిలో నిలబడేవాళ్లు. నాన్న రేడియోని కిటికీలో పెట్టించేవాడు, వీధివైపు తిప్పి.

మేనకోడలు: అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్లు, వీధిలో ఎవరు నిలబడేవాళ్లు?

మామయ్య: నువ్వడిగేది అర్థమైంది. మాలపల్లెవాళ్లు అరుగెక్కేవాళ్లు కాదు. చెట్టు కింద నిలబడి వినేవాళ్లు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నాకు బాగా తెలుసు. అయినా వాళ్లకి మాట చేరింది. గొంతు గోడ దాటింది. ఆ మాత్రం రేడియో చేసింది.

మేనకోడలు: గోడ దాటింది సరే. ఏ స్టేషను పెట్టాలో, ఎప్పుడు కట్టేయాలో గోడ లోపలివాళ్లే చెప్పారు. అందుకే ఊరుమ్మడి రేడియోలే నాకు ముఖ్యం. 1930ల్లో పెషావర్ పక్క పల్లెల్లో, ఢిల్లీ పక్క పల్లెల్లో అలాంటివి పెట్టి చూశారు. తర్వాత మన పంచాయతీలకీ వచ్చాయి. అది నలుగురి డబ్బుతో వచ్చిన రేడియో, నలుగురూ హక్కుగా వినొచ్చు.

మామయ్య: వినొచ్చు, అది పలికితే! పంచాయతీ సెట్లు బాగుచేసిన చేతులమ్మా ఇవి. అప్పుడు నాకు తగిలిన చిక్కల్లా సెట్టు చెడిపోవడం కాదు, బ్యాటరీ అయిపోవడం. బ్యాటరీ తేవాల్సింది ఎవరు, డబ్బు ఏ పద్దు కింద, ఆ రసీదు మీద సంతకం ఎవరిది అని నెలలు గడిచేవి. ఒక ఊళ్లో సెట్టు మీద గుడ్డ కప్పి ఉంచారు. ఏమైందయ్యా అంటే బ్యాటరీ కోసం కాగితం పెట్టాం అన్నారు. సెట్టు మాత్రం కొత్తదానిలా ఉంది. ఇంట్లో రేడియోకైతే అయిపోయిన మర్నాడే బ్యాటరీ వచ్చేది, వినాలన్న యావ ఉన్నవాడే కొనేవాడు కాబట్టి. ఊరుమ్మడి వస్తువుకి ఆ యావ ఎవరిది?

మేనకోడలు: చూశావా, నువ్వు కూడా బ్యాటరీ దగ్గరికే వచ్చావు.

మామయ్య: రాక తప్పుతుందా? బ్యాటరీ సెట్టు బాగుచేయడం అంటే సగం పని బ్యాటరీ సంగతే. అది ఎలా చచ్చిపోతుందో నీ పుస్తకాల్లో ఉండదు. ఎల్‌టీ దిగిపోతుంటే మొదట పోయేది షార్ట్‌వేవ్. డీకే91 వాల్వు స్టేషనుని అందుకోవడానికి తనే ఒక చిన్న తరంగాన్ని పుట్టించాలి. ఫిలమెంటు చల్లబడేకొద్దీ దానికి ఆ ఓపిక పోతుంది. పై ఫ్రీక్వెన్సీల్లో ముందు పోతుంది. అందుకే బ్యాటరీ నీరసించిన ఇంట్లో షార్ట్‌వేవ్‌లో వచ్చే కొలంబో స్టేషను, రేడియో సిలోన్, ముందు మాయమవుతుంది, మీడియంవేవ్‌లో వచ్చే విజయవాడ ఇంకొన్నాళ్లు పలుకుతుంది. 1952 తర్వాత మన ఆకాశవాణిలో సినిమాపాటలు కరువైపోయి జనమంతా సిలోన్ మీద పడ్డ రోజులవి. 1957లో వివిధభారతి వచ్చేదాకా ఆ కరువు తీరలేదు. సిలోన్ రావడంలేదని సెట్టుని బండిలో వేసుకుని పాతిక మైళ్లు వచ్చినవాళ్లున్నారు. ఎల్‌టీ కొత్తది తగిలించి పంపేవాణ్ణి. రేడియోకి ఏ రోగమూ ఉండేది కాదు.

మేనకోడలు: హెచ్‌టీ నీరసిస్తే?

మామయ్య: బుడబుడమని కొట్టుకుంటుంది, పడవ ఇంజనులాగా. సెల్లులు ఎండేకొద్దీ బ్యాటరీ లోపలి రెసిస్టెన్సు పెరిగి, చివరి వాల్వు ఊపు వెనక్కొచ్చి మొదటి వాల్వుని కదుపుతుంది. బ్యాటరీకి అడ్డంగా పెద్ద కండెన్సరు కడితే ఇంకొన్ని వారాలు లాగొచ్చు. డబ్బులేనివాళ్లకి అలా కట్టి పంపేవాణ్ణి.

మేనకోడలు: ఈ మాటలే మ్యూజియంలో ఉండాలి మామయ్యా. సిలోన్ ముందు పోయి విజయవాడ తర్వాత పోయిందన్న మాట. కానీ పెట్టెని మోగిస్తే ఆ సంగతి తెలియదు. కొత్త బ్యాటరీతో అది ఎప్పుడూ బాగానే పలుకుతుంది. ఏ ఇంట్లోనూ అది ఎప్పుడూ అంత బాగా పలకలేదు.

మామయ్య: మరి మోగించకుండా తెలుస్తుందా? ఈ పట్టుదలేమిటో నాకు అంతుబట్టదు. మన దగ్గర కరువు ఉంది కాబట్టి ఈ సెట్టు కరువు బొమ్మ అంటున్నావు. అమెరికా సంగతి చూడు. 1935లో అక్కడ పొలాల మీది ఇళ్లలో పదింట ఒక్కదానికే కరెంటు. రూజ్వెల్ట్ ఆ ఏడే పల్లెలకి కరెంటు ఇచ్చే సంస్థ పెట్టాడు. తీగలు వచ్చేలోపు రైతులు ఊరుకోలేదు. అయోవాలో ఆల్బర్స్ అన్నదమ్ములు ఇంటికప్పు మీద పెట్టుకునే గాలిమర చేశారు, వించార్జర్ అని. జెనిత్ కంపెనీ దాన్ని తన 6 వోల్టుల రేడియోతో కలిపి అమ్మింది. ఏడాదికి ఖర్చు 50 సెంట్లే అని ప్రకటన వేసింది. ఆ గాలే తర్వాత ఇంట్లో దీపం కూడా వెలిగించింది. సోవియట్ దేశంలో ఇయోఫే శాస్త్రజ్ఞుడి దారిలో వెళ్లినవాళ్లు ఇంకా విచిత్రం చేశారు. 1950ల్లో కిరసనాయిలు దీపం చిమ్నీ మీద లోహపు రెక్కల చట్రం పెట్టారు. దీపం వేడికే కరెంటు పుట్టి బ్యాటరీ రేడియో పలికేది. దీపం ఎలాగూ వెలిగించాలిగా! సెట్టు ఇంత తక్కువ తాగడం వల్లే ఇదంతా కుదిరింది. నలభై వాట్ల సెట్టుకి దీపం చాలుతుందా?

మేనకోడలు: బాగుంది. నీ ఉదాహరణలే నా మాటకి సాక్ష్యం. అమెరికాలో గాలిమర, రష్యాలో దీపం. వాల్వు పనిచేసే తీరు అన్నిచోట్లా ఒకటే. ఎవరు వినగలరన్నది వాల్వుకి కరెంటు ఎక్కణ్ణించి వస్తుందన్నదాన్నిబట్టి తేలింది. మన ఊరికి గాలిమరా రాలేదు, దీపపు చట్రమూ రాలేదు. అట్టపెట్టె బ్యాటరీ వచ్చింది, డబ్బున్నవాడికే. దాన్నించి జనానికి విడుదల దొరికింది ట్రాన్సిస్టరుతోనే. హెచ్‌టీ లేదు, ఫిలమెంటు లేదు, నాలుగు టార్చి సెల్లులు చాలు. 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టింది, 1954కల్లా అమెరికాలో జేబురేడియో అయింది, ఆ తర్వాత పదిపదిహేనేళ్లలో మన నాగళ్లవెంట పొలాలకొచ్చింది. కరెంటు వాల్వు సెట్లు దాని పక్కన ఇంకా చాలాకాలం బతికాయి. బ్యాటరీ వాల్వు సెట్లు మాత్రం ఒక్కసారిగా పోయాయి. అంత గొప్పవైతే అంత త్వరగా ఎందుకు పోయాయో ఆలోచించు.

మామయ్య: ఒక్కసారిగా పోయినమాట నిజమే. 1961లో బెంగుళూరు బీఈఎల్‌లో రేడియో వాల్వులు చేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు అక్కడే జెర్మేనియం ట్రాన్సిస్టర్ల పనీ మొదలైంది. ఆ తర్వాత కొన్నాళ్లకే నా కొట్లో పైఅరలో బ్యాటరీ సెట్లు, కింద అరలో ట్రాన్సిస్టర్లు. పై అరవి తీసుకెళ్లడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కానీ ఒకటి చెప్పు. ట్రాన్సిస్టరు కొన్న కుర్రాడికి సాయంత్రం ఆ వేళకి స్టేషను పెట్టాలని ఎవరు నేర్పారు? చెట్టు కింద నిలబడి విన్న తండ్రి నేర్పాడు. ఆ వినికిడి మరిగింది వాల్వు పెట్టె ముందే.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. మనసులో పెట్టుకుంటాను కూడా.

మామయ్య: అయితే మోగిద్దాం.

మేనకోడలు: దేంతో? గోడకి పెట్టే అడాప్టరు తెస్తావా?

మామయ్య: ఛీ! వాల్వు ఫిలమెంటు 1.4 వోల్టులది, గోడలో వోల్టేజీ ఎగిరిందంటే నాలుగు వాల్వులూ ఒక్క దెబ్బకి పోతాయి. కొన్ని ఇన్వర్టరు పెట్టెలు దొరుకుతున్నాయి, చిన్న బ్యాటరీలోంచి 90 వోల్టులు పుట్టించేవి. వాటి గరగర రేడియోలోనే వినబడుతుంది. నేను చేసేది సులువు. 9 వోల్టుల బ్యాటరీలు పది, ఒకదాని నెత్తిన ఒకటి గుచ్చుకుంటూ పోతే 90. ట్రాన్సిస్టర్ల కోసం పుట్టిన బ్యాటరీ అది, ఇప్పుడు వాల్వు సెట్టుని బతికిస్తోంది. పది మిల్లీయాంపులకి నలభై గంటలు పైనే వస్తాయి. ఎల్‌టీకి పెద్ద టార్చి సెల్లులు రెండు, పక్కపక్కన కలిపి. కొందరైతే పాత బ్యాటరీ పెట్టె కొలతలకి అట్ట కోసి, పాత లేబులు అచ్చేయించి అతికించి, ఇవన్నీ లోపల దాస్తారు. చూస్తే అసలు బ్యాటరీనే అనుకుంటాం.

మేనకోడలు: అది మాత్రం వద్దు. అబద్ధపు లేబులు. చూసినవాడు అప్పటి బ్యాటరీ ఇదే అనుకుంటాడు. కనబడేలా పెట్టు, పది బ్యాటరీలూ బల్లమీద, తీగలతో సహా. ఇప్పుడు దీన్ని బతికించడానికి ఇన్ని కావాల్సొచ్చిందని జనం లెక్కపెట్టుకోవాలి. తాతయ్య వాడిన చివరి బ్యాటరీ ఏమైంది?

మామయ్య: అటక మీద ఉండాలి. అట్ట ఉబ్బిపోయి, తుత్తునాగం తినేసి, నల్లటి పొడి కారుతోంది. ముక్కు మూసుకుని చూడాలి. మొన్నే పారేద్దామనుకున్నా.

మేనకోడలు: మామయ్యా! అదే నాకు కావాల్సింది. దేశంలో ఏ మ్యూజియంలో వెతికినా చెక్కపెట్టెలు దొరుకుతాయి. బ్యాటరీని ఎవరూ దాచరు, వాడి పారేసే వస్తువని. రేడియోని ఎవరు విన్నారో ఎవరు వినలేదో నిర్ణయించింది ఆ పారేసిన వస్తువే. దాన్ని అద్దాలపెట్టెలో పెట్టి, ఒకవైపు కోసి అరవై సెల్లులూ కనబడేలా చేసి, పక్కన జమాఖర్చుల పేజీ తెరిచి పెడదాం. పాలేరు వడ్ల లెక్క కూడా కనబడాలి. దాని పక్కన నీ రేడియో.

మామయ్య: పలికే రేడియో.

మేనకోడలు: పలికే రేడియోనే. కానీ రోజంతా మోగించడానికి వీల్లేదు. సాయంత్రం వార్తల వేళకి తిప్పి, అయిపోగానే కట్టేయాలి. అప్పటి ఇంట్లో ఎంతసేపు పలికిందో అంతసేపే.

మామయ్య: అంతసేపు చాలు. అయితే మీడియంవేవ్ స్టేషన్లే ఒక్కొక్కటి మూతపడుతున్నాయి. ఉన్నన్నాళ్లే ఆ ముచ్చట. అందుకే నా తొందర. తీగ ఏరియల్ కట్టాలి, నూతి పక్కన తడినేలలో ఎర్తు దించాలి, మ్యూజియంవాళ్లు తవ్వనిస్తారో లేదో నువ్వే అడుగు. ముందు లోపలి కాగితపు కండెన్సర్లు విప్పి చూడాలి. డీఎల్92 గ్రిడ్‌కి వెళ్లే కండెన్సరు కారుతోందంటే హెచ్‌టీని గటగటా తాగేస్తుంది, వాల్వునీ తినేస్తుంది. అది మార్చక తప్పదు.

మేనకోడలు: ఒక్క తీగ కదపొద్దని నేనన్నది మర్చిపోయావా? పాత కండెన్సరుని పారేయకు. చీటీ రాసి నాకివ్వు, కొత్తది ఎక్కడ పెట్టావో బొమ్మ గీసి కూడా ఇవ్వు. ఆ షరతు మీదే మారుస్తావు.

మామయ్య: ఇస్తాలే. ఆ మీటరు ఇలా ఇవ్వు. అది కాదు, ఆ ముల్లు మీటరు వద్దు! దాని చిన్న రేంజిలో ఫిలమెంటుకి పట్టేదానికంటే ఎక్కువ కరెంటు పోతుంది, చూస్తుండగానే తీగ తెగుతుంది. అంకెలు చూపించే మీటరు తే. ముందు నాలుగు ఫిలమెంట్లూ బతికున్నాయో లేదో చూడాలి. హెచ్‌టీ తీగలు రెండూ విప్పి దూరంగా పెట్టు, ఎల్‌టీ తగిలించేదాకా అవి నా దగ్గరికి రాకూడదు.